ఒంటి గింజ ఒప్పుకోని బావ

ఆయనకున్న జబ్బు ఒక్కటే. ఏ వస్తువైనా సరే, ఒంటరిగా కనిపిస్తే చూడలేడు. దాని పక్కన ఇంకోటి చేర్చాలి. రెండు చేరాక మూడోది గుర్తొస్తుంది. మూడు కలిశాక నాలుగోదాన్ని వదిలేస్తే దాని మనసు నొచ్చుకుంటుందంటాడు. ఉద్యోగం మేత విత్తనాల గోదాములో. ఎండిపోయిన బీడు ఏదైనా ఉంటే, అందులో పశువుల కోసం ఏ గడ్డి వేయాలో, ఏ తీగ వేయాలో ఎంచి, ఆ విత్తనాలు కలిపి ఇవ్వడం ఆయన పని. జబ్బుకు తగ్గ ఉద్యోగమే దొరికిందన్నమాట. జనం ఎదురుగా సార్ అనీ, వీధి మలుపు తిరిగాక కలగూరగంప అనీ పిలుస్తారు. భార్య తమ్ముడు మాత్రం బావా అంటాడు. గోదాము ట్రాక్టరు తోలేదీ, బావ కలిపినవన్నీ పట్టుకెళ్లి బీడులో విత్తేదీ, ఆ కలపడం వల్ల పుట్టే కష్టాలన్నీ పడేదీ ఆ బావమరిదే. కనక మనమూ ఆయన్ని బావ అనే అనుకుందాం.

ఇంట్లో ముందుగది గోడకు మూడు గడియారాలుంటాయి. ఒకటి పది నిమిషాలు ముందు, ఇంకోటి ఏడు నిమిషాలు వెనక, మూడోది దాని ఇష్టం. టైమెంతయిందని అడిగితే బావ మూడింటినీ చూసి, క్షణంసేపు కళ్లు మూసుకుని, ఒక లెక్క చెబుతాడు. ఒక్కదాన్నే నమ్ముకుంటే అది ఆగిన రోజున మన గతేమిటని ఆయన వాదన. ఆ చెప్పిన టైము ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. అక్కకు ఒళ్లు మండేది అందుకే.

ఆ గోడ సంగతి కూడా చెప్పాలి. రంగు వేయించమని అక్క పోరితే, ఆయన పాత డబ్బాల అడుగున మిగిలిన రంగులన్నీ ఒక బకెట్లో పోసి కలియబెట్టాడు. ఆ గోడ ఏ రంగో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. పొద్దున చూసినవాళ్లు ఆకుపచ్చ అంటారు, సాయంత్రం వచ్చినవాళ్లు బూడిద రంగు అంటారు. రంగులేసిన మేస్త్రీ, ఈ పని తాను చేసినట్టు ఎక్కడా అనొద్దని దణ్ణం పెట్టి వెళ్లాడు. చొక్కాకు ఆరు గుండీలుంటే ఆరూ ఆరు రకాలు. అన్నీ ఒకేలా ఉంటే ఒకటి ఊడి వేరేది కుట్టినప్పుడు అందరికీ తెలిసిపోతుంది, ఇలా అయితే ఎవరికీ తెలియదు కదా అంటాడు. మామూలు మనుషులకు అలా తోచదు.

ఒకసారి అక్క విసిగిపోయి అడగనే అడిగింది.

"అన్నీ కలిపితేగానీ నిద్రపట్టదు మీకు. మరి పెళ్లి మాత్రం ఒక్కదాన్నే చేసుకున్నారేం?"

"ఒక్కదాన్నే ఎక్కడ? నీతోపాటు మీ తమ్ముణ్ణి కూడా తెచ్చుకున్నానుగా."

బావమరిది తింటున్న ముద్ద గొంతులో అడ్డం పడింది. అది పొగడ్తో తిట్టో అతనికి ఇప్పటికీ తెలియదు.

గోదాములో బావ తీరు చూడాలి. ఎవరైనా వచ్చి గడ్డి విత్తనాలు కావాలంటే ముందు కుర్చీ వేస్తాడు, తర్వాత ప్రశ్నలు వేస్తాడు. వాన ఎప్పుడు మొదలై ఎప్పుడు మొహం చాటేస్తుంది, ఎంత లోతున రాయి తగులుతుంది, తెల్లగా ఉప్పు పేరుకునే చోట్లున్నాయా, గాలి ఎటునుంచి కొడుతుంది, మిట్టమధ్యాహ్నం మంద ఎక్కడ కూలబడుతుంది. సంబంధం మాట్లాడ్డానికి వచ్చినవాళ్లు కూడా ఇంత ఆరా తీయరు. పాపం అవతలివాడు ఏదో ఒక రకం చాలు సార్, తొందరగా ఇచ్చి పంపండి అంటాడు. ఒంటికాయ శొంఠికొమ్ము వ్యవహారం తన దగ్గర కుదరదని చెప్పి బావ నేలమీద టార్పాలిన్ పరుస్తాడు.

టార్పాలిన్ మీద ఆరు కుప్పలు పడతాయి. ఒక్కోదానికి ఒక్కో ముద్దుపేరు. లోతుగా వేరు దింపి కరువుకు జంకని గడ్డి పెద్దన్నయ్య. నేలను పట్టుకుని పాకుతూ, గొర్రెల గిట్టల కింద నలిగినా చావనిది చాపగడ్డి. నేలకు బలం పెట్టే పప్పుజాతి తీగ చిన్నకోడలు. అది తను తినేదానికంటే ఇంటికి పెట్టేదే ఎక్కువట. ఉప్పు నేలలో తప్ప ఎక్కడా సుఖపడనిది మొండిఘటం. మిగతావన్నీ ఎండిపోయాక చలిలో పచ్చగా నిలబడేది మేనత్త. ఏ గడ్డీ లేనప్పుడు నాలుగాకులు అందించే పొద ఆపద్బాంధవుడు. ఇందులో ఏ ఏడాది ఎవరు పడకేసినా మిగతావాళ్లు సంసారం నడుపుతారని బావ ధీమా. ఆ ధీమా వమ్మయిన బీడు ముప్పై ఏళ్లలో బావమరిది చూడలేదు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

చిక్కంతా ఏడోదానితో వచ్చింది. అది దూదిలా తేలిగ్గా, నూగుతో ఉండే విత్తనం. రెండు వారాల్లో మొలిచి, పసుప్పచ్చగా పూసి, వానలు పోగానే చస్తుంది. నేలకు బలమివ్వదు. గొర్రెలు ముట్టవని రిజిస్టరులో బావే స్వయంగా రాశాడు. దానికి ముద్దుపేరు కూడా లేదు. చీటీ మీద 'ఇతరములు' అని ఉంటుంది. అయినా ప్రతి మిశ్రమంలోనూ అది పడాల్సిందే. విత్తే గొర్రులో అది పడిందంటే నూగంతా గొట్టాలకు అడ్డం పడుతుంది. అప్పుడు బావమరిది ట్రాక్టరు ఆపి, దిగి, ఎండలో బోర్లా పడుకుని, ఇనుప తీగతో గొట్టాలు కెలుక్కోవాలి. రోజుకు పదిసార్లు ఈ సేవ చేశాక ఏ మనిషికైనా ప్రశ్నలు పుడతాయి.

"బావా, ఆ ఏడోది గొర్రెలు తినవు కదా?"

"తినవు."

"నేలకేమైనా చేస్తుందా?"

"ఏమీ చెయ్యదు."

"మరెందుకు చెప్పండి?"

"ఇతరముల కోసం," అన్నాడు బావ, ఇంతకంటే వివరంగా ఎవరూ చెప్పలేరన్నట్టు.

ఆ ఏడాదే లారీ ఆయన వచ్చాడు. ఇరవై రెండేళ్లు లారీ తోలిన మనిషి. ఒకసారి నెల తర్వాత ఇంటికి వస్తే చిన్నకూతురు తలుపు తీసి, లోపలికి తిరిగి, అమ్మా ఎవరో వచ్చారు అందట. ఆ మాటకు ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ నెలలోనే లారీ పని మానేసి అరవై గొర్రెలు కొన్నాడు. ఇంటి ఎదురుగా నలభై ఎకరాల బీడు ఉంది. సగంలో విత్తి, అది నిలదొక్కుకునేదాకా మందను మిగతా సగంలో మేపుకోవాలి. విత్తింది రాకపోతే మందను అమ్ముకుని మళ్లీ స్టీరింగు పట్టుకోవడం తప్ప దారి లేదు. పాత స్నేహితులు ఎన్నాళ్లకు తిరిగొస్తాడోనని అప్పుడే పందాలు కాస్తున్నారు.

ఆయన జేబులోంచి ఒక బొమ్మ తీసి బల్లమీద పెట్టాడు. విత్తనాల సంచి మీద నుంచి కత్తిరించిన బొమ్మ. అందులో మనిషెత్తు గడ్డి, దాని పక్కన నవ్వుతూ ఒక మనిషి. ఇదొక్కటే కావాలన్నాడు.

బావ బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. "ఈయన గుంటలో నిలబడ్డాడేమో కనుక్కున్నారా?"

లారీ ఆయనకు నవ్వు రాలేదు. గంటసేపు ప్రశ్నలు అడిగి, బావ ఆరు కుప్పలూ పోసి, ఏడో సంచి విడిగా కట్టి ఇచ్చాడు. నూగు ముద్దకట్టకుండా బీడు దగ్గరే ఇసుకతో కలపాలని బావమరిదికి చెప్పాడు. రెండేళ్లు ఒక్క గొర్రె కూడా లోపల అడుగుపెట్టకూడదని లారీ ఆయనతో ఒట్టు వేయించుకున్నాడు.

విత్తే రోజు ఎండ మాడ్చేస్తోంది. బావమరిది ఆరు రకాలు గొర్రులో పోశాడు. ఏడో సంచి చేతిలోకి తీసుకున్నాడు. ఇనుప తీగ వైపు చూశాడు. ఒక్కసారికి ఏ కొంపా మునగదులే అనుకుని, సంచిని ట్రాక్టరు సీటు మీద వేసుకుని కూర్చున్నాడు. మెత్తగా హాయిగా ఉంది. ఇరవై ఎకరాలూ ఒక్కసారి కూడా ఆగకుండా విత్తేసి, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

వానలు పడ్డాయి. మరీ గొప్పగా కాకపోయినా, పడ్డాయి. రెండున్నర నెలల తర్వాత ఒక పొద్దున గోదాముకు ఫోనొచ్చింది. లారీ ఆయన. గొంతులో జీవం లేదు. బీడులో ఏమీ రాలేదనీ, నాగలి తగిలించుకుని ట్రాక్టరు పంపమనీ, అంతా దున్నేసి మందను అమ్మేస్తాననీ చెప్పాడు. పాత ఓనరు సోమవారం లారీ ఎక్కమన్నాడట.

బావమరిది ఫోను పెట్టేసి ఆ మాటే బావకు చెప్పాడు. బావ చేతిలో పార ఆగింది.

"ఏమీ రాలేదన్నాడా? పసుప్పచ్చ పూలు కూడా లేవన్నాడా?"

బావమరిది నీళ్లు నమిలాడు. గోడమీద క్యాలెండరు చూశాడు. చివరికి నిజం చెప్పేశాడు.

"సంచి ఏదిరా?"

"సీటు మీద ఉంది బావా."

"మూడు నెలలుగా దానిమీదే కూర్చున్నావా?"

"మెత్తగా ఉందని..."

తిట్లు పడతాయని బావమరిది తల వంచుకుని నిలబడ్డాడు. బావ పార గోడకు ఆనించి, వెళ్లి ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. బావమరిది నాగలి తగిలించి బండి కదిలించాడు. ఎప్పుడూ నోరు మూయని మనిషి దారి పొడుగునా అలా కూర్చుంటే బావమరిదికి నిజంగా భయమేసింది.

లారీ ఆయన గుమ్మంలో ఎదురుచూస్తున్నాడు. ఆ గుమ్మంలో నిలబడి చూస్తే ఎదురుగా ఇరవై ఎకరాల ఎర్రమట్టి, రాళ్లు, అక్కడక్కడ కలుపు. ఇంకేమీ లేదు. బావ నాగలి వైపు కన్నెత్తి కూడా చూడకుండా నేరుగా బీడులోకి నడిచి, చొక్కా మాసిపోతుందనే ఆలోచన లేకుండా బోర్లా పడుకున్నాడు. వాళ్లిద్దర్నీ కూడా పడుకోమన్నాడు. ముగ్గురు మగాళ్లు వరసగా నేలమీద పడి మట్టిని పరీక్షగా చూస్తుంటే, లారీ ఆయన భార్య గుమ్మంలో నిలబడి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

చెంప నేలకు ఆనించి చూస్తే కనిపించాయి. వెంట్రుకల్లాంటి పోచలు, గజానికి ఏడెనిమిది. బావ జేబులోంచి చాకు తీసి ఒకదాని చుట్టూ మట్టి తవ్వాడు. పైన ఉన్నది రెండు వేళ్ల పొడవు. కింద వేరు తవ్వేకొద్దీ దిగుతూనే ఉంది. మోచెయ్యి మునిగేదాకా తవ్వినా కొస దొరకలేదు.

"ఇదీ పెద్దన్నయ్య. మొదటి ఏడాదంతా కిందికే పెరుగుతాడు. ఆరుగురూ అంతే. బీడు బ్రహ్మాండంగా వచ్చింది డ్రైవరు గారూ," అన్నాడు బావ.

లారీ ఆయన ఆ వేరును చాలాసేపు చూశాడు. తర్వాత లేచి మోకాళ్ల మట్టి దులుపుకున్నాడు.

"మీరు చెప్పింది అబద్ధమని కాదు సార్. పడుకుని చూస్తే కనిపిస్తోంది. కానీ పొద్దున్నే తలుపు తీసి నేను చూసేది నిలబడి కదా. డెబ్బై రోజులు చూశాను. ఇంకొక్క పొద్దు కూడా నావల్ల కాదు."

బావ లేచి కూర్చున్నాడు. చాకును ప్యాంటుకు తుడుచుకుంటూ మొదలుపెట్టాడు.

"నేను తొంభై రోజులు చూశాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. మా నాన్న బీడులో నేనే విత్తాను. చదువుకున్నవాణ్ణి కదా, అన్నీ నాకే తెలుసు. రోజూ తలుపు తియ్యడం, మట్టిని చూడడం. పక్కవాళ్లు అడుగుతారని అటువైపు వెళ్లడం మానేశాను. తొంభై ఒకటో రోజున నేనే నాగలి కట్టాను."

"ఏమైంది సార్?"

"నాగలికి వేళ్లొచ్చాయి. మూరెడు మూరెడు వేళ్లు. నేల కింద అంతా బతికే ఉంది. నాన్న ఆ వేళ్లన్నీ ఏరి గట్టుమీద పెట్టాడు. తర్వాతి వేసవికి పశువుల్ని అమ్మేశాడు."

ముప్పై ఏళ్లుగా తెలిసిన బావలో ఈ మనిషి ఉన్నాడని బావమరిదికి తెలియదు. అక్కకు కూడా తెలుసో లేదో.

బావ లేచి నిలబడి ఎప్పటి గొంతు తెచ్చుకున్నాడు. "మీ బీడులో ఒక రకం తక్కువ పడింది. నిలబడినవాళ్లకు కనిపించే రకం. కలపడం నేను మరిచిపోయాను. తప్పు నాది."

"బావా, అది..." అని బావమరిది నోరు తెరిచాడు. బావ చెప్పు అతని కాలి మీద పడింది, బరువుగానే పడింది. మరుపు అన్నది తన వంశంలోనే లేదని పదిమందిలో చెప్పుకునే మనిషి, మరొకరి ఎదుట ఆ మాట అనేశాడు. బావమరిదికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అంతకంటే ఎక్కువగా, ఈ మనిషిని చూసి ఇన్నేళ్లూ ఊరితోపాటు తానూ నవ్వుకున్నానే అని బాధ కలిగింది.

నాగలి విప్పేశారు. గుమ్మానికి ఎదురుగా, ఇంటి నుంచి చూపు పడే మేర ఒక పట్టీలో ఏడోదాన్ని ఇసుకతో కలిపి చేత్తో చల్లారు. చల్లింది బావమరిది. వానల మీద నమ్మకం లేక రెండు వారాలు రోజు విడిచి రోజు నీళ్ల ట్యాంకరు లాక్కెళ్లి తడిపింది కూడా అతనే. ఎవరూ చెయ్యమనలేదు. సోమవారం లారీ ఓనరు ఫోను చేస్తే, ఒక్క నెల ఆగమని లారీ ఆయన చెప్పాడు. పన్నెండో రోజున మొలకలొచ్చాయి. నెల తిరిగేసరికి గుమ్మం ఎదురుగా పసుప్పచ్చగా పూసింది. రెండోసారి ఓనరు ఫోను మోగినప్పుడు లారీ ఆయన కూతురికి పూలు కోసిపెడుతూ వినిపించుకోలేదు.

ఒకరోజు ఖాళీ ట్యాంకరు లాక్కుని తిరిగొస్తూ, ఈ సంగతి అందరికీ ముందే చెప్పొచ్చుగా అని బావమరిది అడిగాడు.

"ఏమని చెప్పను? నీ ధైర్యం కోసం ఒక రకం వేస్తున్నానంటే ఎవడైనా పుచ్చుకుంటాడా? నేనేం పిరికివాణ్ణా అంటాడు. తీసెయ్యమంటాడు. అందుకే ఇతరములు అని రాశాను."

"గొర్రెలు ముట్టనిదే ఎందుకు మరి?"

"కంచె దూరి ఒక గొర్రె వచ్చినా తలుపు ముందు పచ్చదనం మిగలాలి కదరా. నాలుగేళ్లు వెతికి పట్టుకున్నాను. దాన్ని ఏ గొర్రె కూడా ముట్టుకోదు. రాసిపెట్టుకో."

రెండేళ్లు గడిచాయి. లారీ ఆయన ఒట్టు తప్పలేదు. ఆరు రకాలూ పైకి లేచి మోకాలెత్తు అయ్యాయి. ఉప్పు తేలిన చోట మొండిఘటం, గట్టు మీద ఆపద్బాంధవుడు, మధ్యంతా పెద్దన్నయ్య, ఎవరి చోట వాళ్లు కుదురుకున్నారు. ఏడోది రాలిన గింజలతోనే మళ్లీ మొలిచి, గుమ్మం ఎదురుగా ఇంకా పూస్తోంది. గేటు తెరిచే రోజున బావనూ బావమరిదినీ పిలిచారు. పందాలు కాసిన పాత స్నేహితులు కూడా వచ్చి, దులుపుకోవడానికి ఏమీ లేక చేతులు దులుపుకుంటూ నిలబడ్డారు. లారీ ఆయన కూతురు నాన్న చెయ్యి పట్టుకుని, గేటు గొళ్లెం తనే తీస్తానని పేచీ పెట్టి తనే తీసింది.

బావ గట్టు మీద నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, మంద ఏది ముందు తింటుందో అందరికీ వివరిస్తున్నాడు. మొదట చిన్నకోడలి దగ్గరికి పోతాయి, తర్వాత చాపగడ్డి, ఆ తర్వాత పెద్దన్నయ్య. ముప్పై ఏళ్ల అనుభవం, తిరుగులేదు.

అరవై గొర్రెలు ఇప్పుడు తొంభై అయ్యాయి. తొంభై గొర్రెలూ గేటులోంచి లోపలికి వచ్చాయి. చిన్నకోడల్ని దాటాయి. చాపగడ్డిని తొక్కుకుంటూ పోయాయి. పెద్దన్నయ్య వైపు తలైనా తిప్పలేదు. తిన్నగా గుమ్మం ఎదురుగా ఉన్న పసుప్పచ్చ పట్టీ మీద పడి, పూలతో సహా పరపరా నమలడం మొదలుపెట్టాయి.

లారీ ఆయన నవ్వు ఆపుకోలేక గేటు పట్టుకుని కూర్చుండిపోయాడు. కూతురు నాన్నను చూసి నవ్వింది. పాత స్నేహితులు కూడా నవ్వారు. బావమరిది నవ్వకుండా పెదవి కొరుక్కుని బావ మొహం వైపు చూశాడు. బావ కట్టుకున్న చేతులు విప్పి, మళ్లీ కట్టుకుని, పట్టీ అంతా నున్నగా అయ్యేదాకా చూశాడు.

"లాభం లేదురా. ఇది మేతకు పనికొస్తోంది. రేపటినుంచి పనికిరానిది ఇంకోటి వెతకాలి," అన్నాడు.